మరుగుదొడ్డి బ్రష్ గీసే ముందు: రమ్యకు పెదనాన్న లేఖ

చి. రమ్యకు ఆశీస్సులు.

నువ్వు పంపిన బ్రష్ డ్రాయింగులు చూశాను. హాస్టల్లో మరుగుదొడ్లు కడిగే ఆయమ్మల కోసం చేస్తున్నానన్నావు కాబట్టి ఆ వాడకం వరకే రాస్తాను. ఇంట్లో వారానికోసారి తీసే బ్రష్ వేరు, పొద్దున్నే వరసగా ఇరవై లెట్రిన్లు రుద్దే బ్రష్ వేరు.

ముందు బ్రష్ తలని తిప్పడానికి పెట్టిన ఆ మోటారు తీసెయ్. తిరిగే తల ప్యాన్ అంచుకి తగలగానే పోచల మీదున్న మురికినీళ్లు చుట్టూ చిమ్ముతాయి. మోకాళ్ల మీదా, కొంచెం వంగితే మొహం మీదా పడతాయి. దానికి తోడు ఛార్జింగు, నీరు దూరకుండా సీళ్లు, యాసిడ్ ఆవిరికి చిలుము పట్టే కాంటాక్టులు. చేత్తో రెండు నిమిషాల్లో తెమిలే పనికి ఇంత తద్దినం ఎందుకు?

మోటారు పక్కన పెడితే, మిగిలిన డ్రాయింగుతో నా పేచీ ఒకటే. ఎలా రుద్దాలో బాగా ఆలోచించావు. రుద్దాక బ్రష్ మీద మిగిలే నీటి సంగతి ఎక్కడా లేదు. బ్రష్‌కి కంపు పట్టించేదీ, దాన్ని తుప్పు పట్టించేదీ, చేతికి మురికి చేర్చేదీ ఆ నీరే. కింద రాసేవాటిలో సగం దాని గురించే.

ఏ ప్యాన్‌కి చేస్తున్నావో తేల్చుకో. కమోడ్‌కీ ఇండియన్ బేసిన్‌కీ ఒకే బ్రష్ అంటే అమ్మేవాళ్లకి సుఖం, కడిగేవాళ్లకి కాదు. కమోడ్ అంచు నేలకి దాదాపు 400 మి.మీ. ఎత్తులో ఉంటుంది. దానికి మొత్తం 400 మి.మీ. పొడవున్న బ్రష్ చాలు. అదే బ్రష్‌తో నేలమట్టం కిందున్న బేసిన్ రుద్దాలంటే నడుం విరిగేలా వంగాలి, లేదా ప్యాన్ పక్కనే గొంతుక్కూర్చోవాలి. హాస్టల్లో ఉన్నవి నేలమట్టానికి బిగించే ఒరిస్సా ప్యాన్లే అన్నావు కాబట్టి వాటికే గీయి.

పొడవు లెక్క ఇలా వెయ్యి. ఆయమ్మలు చెప్పుల్లేకుండా నిలబడి చేతులు వదిలేస్తే పిడికిలి నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలువు. పొట్టివాళ్లనీ పొడుగువాళ్లనీ కలిపి కొలవాలి. 650 మి.మీ. వచ్చిందనుకో. ప్యాన్ అడుగు నేలకంటే సుమారు 175 మి.మీ. కిందుంటే నిలువు కొలత 825. పిడి నిటారుగా ఉండదు, నేలకి 60 డిగ్రీల వాలున ఉంటుంది కాబట్టి ఆ కోణపు సైన్ 0.87తో భాగిస్తే 950 వస్తుంది. కాగితం మీద అదే సరైన పొడవు. కానీ లెట్రిన్ గది వెడల్పు చాలాచోట్ల 900 మి.మీ.యే, తలుపు లోపలికి తెరుచుకుంటే ఇంకా ఇరుకు. పిడి గోడకి కొట్టుకుంటుంటే రెండోరోజే దాన్ని మూలన పడేసి పాత చీపురే తీసుకుంటారు. 800 దగ్గర ఆగు. కాస్త వంగాల్సొస్తుంది, అంతే. లాగితే పొడుగయ్యే పిడి మాత్రం వద్దు. ఒక పైపులోకి ఇంకో పైపు దూరే చోట మురికినీరు చేరితే బయటికి రాదు, కడగడానికీ వీలుపడదు.

వంగి రుద్దేటప్పుడు పిడి 50 డిగ్రీల దాకా వాలుతుంది. తల పిడికి తిన్నగా ఉంటే ముక్కు ఒక్కటే ఆనుతుంది, మిగతా కుచ్చులు (పోచల గుత్తులు) గాల్లో ఉంటాయి. తలని 30 డిగ్రీలు వంచు. మిగిలిన 20 డిగ్రీలు పోచల వంపులో సర్దుకుంటాయి. తల పొడవు 90, వెడల్పు 60 మి.మీ. చాలు. ప్యాన్ నుంచి ట్రాప్‌లోకి, అంటే కింద నీరు నిలిచే వంపు గొట్టంలోకి, దిగే నోరు చాలా చిన్నది, దాన్ని కొలిచి తీరాలి. విచ్చుకున్న పోచలతో కలిపి తల ఆ నోటికన్నా ఓ పది మి.మీ. సన్నంగా ఉండాలి. లేకపోతే ఎక్కువ పాచి పట్టే చోటే బ్రష్ ఆగిపోతుంది. ముక్కు దగ్గర ఒక్క వరస కుచ్చులు ముందుకి వంచి పెడితే ఆ నోటి లోపలా, నీళ్లు దిగే అంచు కిందా కూడా అందుతాయి.

ఇక పోచలు. నైలాన్ అని రాశావు. పళ్ల బ్రష్‌కి అది మంచిదే, ఇక్కడ పనికిరాదు. నైలాన్ 6 నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. పైగా బజార్లో దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో 10 శాతం చుట్టుపక్కల హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, అది నైలాన్‌ని మెల్లగా తినేస్తుంది. పాలీప్రొపిలీన్ నీరు పీల్చదు, ఆ యాసిడ్‌కి చలించదు, చవక కూడా. దాని లోపమల్లా, ఎక్కువసేపు వంగి ఉంటే అలాగే ఉండిపోతుంది. పీబీటీ అనే ఇంకో ప్లాస్టిక్ పోచ వంగినా మళ్లీ నిలబడుతుంది కానీ ధర ఎక్కువ. మధ్య వరసలు పాలీప్రొపిలీన్, ఎక్కువగా నలిగే చుట్టూ వరస పీబీటీ పెట్టు.

లావు, పొడవు విషయంలో ఒక సూత్రం గుర్తుంచుకో. పోచ గట్టిదనం లావుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, పొడవుకి మూడో ఘాతంలో తగ్గుతుంది. 0.3 మి.మీ. పోచని 0.4 చేస్తే మూడు రెట్లకు పైగా గట్టిపడుతుంది. 25 మి.మీ. పొడవుని 20కి కోస్తే దాదాపు రెండింతలు. అందుకే రెండూ ఒకేసారి మార్చకు, ఏది పనిచేసిందో నీకే తెలియకుండా పోతుంది. లోపల 0.4, బయటి వరస 0.3, పొడవు 22 మి.మీ.తో మొదలుపెట్టు. నువ్వు గీసిన 40 మి.మీ. పోచలు చూడ్డానికి కుచ్చుగా బాగున్నాయి. కానీ పొడవు పోచ బాగా వంగి, ప్యాన్ అంచు దాటగానే ఒక్కసారిగా విదిలించుకుంటుంది. చిందేదంతా అప్పుడే. కుచ్చుకీ కుచ్చుకీ మధ్య 4 మి.మీ. ఖాళీ ఉంచు. దట్టంగా కుడితే బాగా రుద్దుతుందనుకుంటారు. నిజానికి మలం, కాగితం ముక్కలు ఆ మధ్యలోనే ఇరుక్కుని, ఎంత జాడించినా ఊడిరావు.

గార సంగతి వేరు. బోరు నీళ్లున్న చోట ప్యాన్ మీద పసుపు, గోధుమ రంగులో కట్టేది సున్నపు పొర. అందులో ఇనుము, మూత్రపు ఉప్పు కలిసి ఉంటాయి. ఏ పోచా దాన్ని పొడిగా గీకలేదు. యాసిడ్ పోసి పది పదిహేను నిమిషాలు వదిలితే మెత్తబడుతుంది, అప్పుడు బ్రష్ పని మొదలవుతుంది. దాని కోసం తల వెనక స్టీలు బ్లేడు పెడతానన్నావు, వద్దు. స్టీలు పీచు, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరు కూడా వద్దు. ఆ స్క్రబ్బరులో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ రాపిడి పొడి. ప్యాన్ మీది గాజుపూత ఒక్కసారి గీరుకుపోతే మరక ఆ గీతల్లో దిగి, తర్వాత నెలనెలా ఇంకా తొందరగా పడుతుంది. గీకేది కావాలంటే తల ముక్కు దగ్గర అదే పాలీప్రొపిలీన్‌తో 2 మి.మీ. మందం అంచు ఇవ్వు. యాసిడ్‌తో మెత్తబడ్డ గారకి అది చాలు.

ఇదే యాసిడ్ లోహాల్నీ వదలదు. అల్యూమినియం పైపు పిడికి తేలికే గానీ యాసిడ్ తగిలిన చోట బుడగలొచ్చి కరిగిపోతుంది. జింక్ పూత ఇనుప తీగ చుట్టిన గుండ్రటి బ్రష్‌లు నెలల్లోనే తుప్పు కారుస్తాయి. ప్యాన్ మీద కనిపించే ఎర్ర మరకల్లో కొన్ని బ్రష్ పెట్టినవే. స్టీలు కదా అనుకోకు, యాసిడ్‌లోని క్లోరైడ్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి కూడా సూదిపోటు గుంటలు పెడుతుంది. కుచ్చుల్ని రంధ్రంలో బిగించే చిన్న తీగ ముక్కలు తప్పవంటే ఇత్తడివి అడుగు. కుచ్చుల్ని కరిగించి అతికించే ఫ్యాక్టరీ దొరికితే ఇంకా మంచిది, అప్పుడు లోహమే ఉండదు.

ఇప్పుడు నీటి దారి. నీ తల వెనక భాగం బోలుగా ఉండి లోపల పక్కటెముకల్లాంటి పట్టీలున్నాయి. ప్లాస్టిక్ ఆదా చేయడానికి మౌల్డు చేసేవాళ్లు ఇదే సలహా ఇస్తారు. ఆ గళ్లన్నీ మురికి గిన్నెలే. వెనక భాగం మూసెయ్. నీరు ముక్కు వైపు జారేలా కొద్దిగా వాలు ఇవ్వు, మూలలన్నీ కనీసం 3 మి.మీ. గుండ్రంగా ఉండాలి. బోలు పైపు పిడి అయితే రెండు చివరలూ అతికించి మూసెయ్యాలి. ఎక్కడో ఒక వెంట్రుక మందం పగులున్నా నీరు లోపలికి పోతుంది, ఆ పిడి ఊపితే గలగలమంటుంది.

అంచు కింద రుద్దేటప్పుడూ, ఒక గదిలోంచి ఇంకో గదికి మోసేటప్పుడూ తల పైకి లేస్తుంది. అప్పుడు నీరు పిడి వెంట దిగి నేరుగా గ్లవ్స్ లోపలికి వెళ్తుంది. దీనికి తల పిడితో కలిసే మెడ పైన 120 మి.మీ. దూరంలో 80 మి.మీ. వ్యాసమున్న పళ్లెం లాంటి చక్రం పెట్టు, దాని అంచు తల వైపు 6 మి.మీ. మడిచి ఉండాలి. జారిన నీటిని అది ఆపుతుంది, చిందేవాటికీ అడ్డు నిలుస్తుంది. చక్రాన్ని పిడితో కలిపే మౌల్డు చెయ్యి. విడిగా తొడిగితే మళ్లీ ఒక సందు.

పట్టు దగ్గర నువ్వు తొడిగిన స్పాంజి నీరు పీల్చి పుల్లబడుతుంది, తీసెయ్. పట్టు కోతని 34 మి.మీ. వెడల్పు, 28 మి.మీ. మందం ఉన్న కోడిగుడ్డు ఆకారంలో చేస్తే తడి గ్లవ్స్‌తో పట్టుకున్నా పిడి చేతిలో తిరగదు. గాడులు పెట్టాలంటే 3 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. లోతు. సన్నగాడులు కడగలేరు.

తల మార్చుకునేలా చేశావు, సంతోషం. ముందు అరిగేది అదే. కానీ మరలు తిప్పే బిగింపు వద్దు. గుండ్రంగా రుద్దుతుంటే ఒకవైపు తిరిగేటప్పుడు అది వదులవుతుంది, మర గాడుల్లో మురికి చేరుతుంది. పావు వంతు తిప్పితే బిగిసే రెండు చెవుల కీలు చాలు, కింద నీరు పోయే రంధ్రంతో. పాత తలని చేత్తో ముట్టుకోకుండా తీసే ఏర్పాటు కావాలి కదా. గోడ స్టాండులోనే ఒక గంటు పెడితే తల అందులో ఇరుక్కుంటుంది, పిడి తిప్పితే ఊడుతుంది. తల రంగు ఎరుపు చెయ్యి, వాష్ బేసిన్ బ్రష్‌తో కలవదు. పోచలు మాత్రం తెల్లవే ఉంచు, మురికి దాగకూడదు.

మూతున్న గుండ్రటి డబ్బా స్టాండు నీ బొమ్మల్లో అన్నిటికన్నా అందంగా ఉంది, దాన్నే వదులుకోవాలి. తడి బ్రష్‌ని మూసిన డబ్బాలో పెడితే అడుగున నల్లటి నీరు నిలుస్తుంది. బ్రష్ చక్రం దగ్గర వేలాడాలి, పోచల కింద కనీసం 20 మి.మీ. గాలి ఉండాలి, కారిన నీటి తట్ట విడిగా ఊడిరావాలి.

మౌల్డుకి డబ్బు పెట్టకముందు చేత్తో ఒకటి చెయ్యి. ప్లంబింగ్ షాపులో దొరికే ఒక అంగుళం సీపీవీసీ పైపు బయటి కొలత 28.6 మి.మీ. పట్టుకి దాదాపు సరిగ్గా సరిపోతుంది, యాసిడ్‌కీ ఆగుతుంది. తల త్రీడీ ప్రింటు చేస్తే పొరల మధ్య సందుల్లో మురికి దిగుతుంది కాబట్టి దాన్ని ఆకారం, పొడవు చూడ్డానికే వాడు, శుభ్రత పరీక్షకి వాడకు.

పరీక్షకి అసలు మురికి అక్కర్లేదు. ఉత్తర అమెరికాలో కమోడ్ల ఫ్లష్‌ని పరీక్షించడానికి 2003 నుంచి సోయా ముద్ద వాడుతున్నారు. నువ్వు శనగపిండి, మెంతిపిండి సమానంగా కలిపి ముద్దచేసి ప్యాన్‌కి పూసి రాత్రంతా ఎండనివ్వు. పొద్దున ఎన్నిసార్లు రుద్దితే పోయిందో లెక్కపెట్టు. చిందడం చూడాలంటే నీటిలో నీలం సిరా కలిపి, ప్యాన్ చుట్టూ పాత పేపర్లు పరిచి, పేపరు మీద పడ్డ చుక్కలు లెక్కపెట్టు. నీటి పరీక్ష మాత్రం ప్రతి మార్పు తర్వాతా చెయ్యాలి. పొడి తల తూచి, ముంచి, మూడుసార్లు విదిలించి మళ్లీ తూచు. 15 గ్రాములకు మించి నీరు పట్టుకుంటే కుచ్చులు ఇంకా దట్టంగా ఉన్నట్టే. రెండు గంటలు వేలాడదీసి మూడోసారి తూచు, ఇంకా ఎంత నీరు మిగిలిందో తెలుస్తుంది.

యాసిడ్‌లో ఒక తల, బ్లీచింగ్ నీళ్లలో ఇంకో తల వారంపాటు నానబెట్టు. బ్లీచింగ్ నీళ్లకి లీటరుకి 17 గ్రాముల కొత్త పౌడరు వేస్తే సుమారు అర శాతం క్లోరిన్ వస్తుంది. రెండు గిన్నెలూ ఆరుబయట, దూరదూరంగా ఉండాలి. ఒకదాంట్లో నానిన తలని కడక్కుండా రెండోదాంట్లో ముంచకు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, మూసిన లెట్రిన్ గదిలో అయితే ప్రాణం మీదికొస్తుంది. ఈ ఒక్క హెచ్చరిక పిడి మీదే తెలుగులో అచ్చెయ్యి. స్టిక్కరు అతికిస్తే వారంలో ఊడుతుంది.

రెండు గుంతల పల్లె మరుగుదొడ్లకి కూడా ఇస్తానని చివర్లో రాశావు. ఆ ప్యాన్ల అడుగు 25–28 డిగ్రీల నిటారు వాలుతో ఉంటుంది, ట్రాప్‌లో నిలిచే నీరు 20 మి.మీ.యే, లీటరున్నర రెండు లీటర్లు పోస్తే పోతుంది. తల వంపు మళ్లీ లెక్కవేసుకోవాలి. అక్కడ యాసిడ్, ఫినాయిల్ విచ్చలవిడిగా పోస్తే గుంతలో మలాన్ని మట్టిగా మార్చే సూక్ష్మజీవులు చస్తాయి. కాబట్టి అక్కడ బ్రష్ నీళ్లతోనే పని చెయ్యాలి, కుచ్చులు రోజూ రుద్దడానికి సరిపడా మెత్తగా ఉండాలి. సెప్టిక్ ట్యాంకు గీకే పొడుగు కొక్కెం ఆలోచన మాత్రం కొట్టెయ్. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దింపడాన్ని, చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం నేరంగా చూస్తుంది. ఆ పనికి కావాల్సింది యంత్రం, చేతి పనిముట్టు కాదు.

ముందు నాకు నాలుగు కొలతలు పంపు: ట్రాప్ నోటి వెడల్పు, ప్యాన్ లోతు, గది వెడల్పు, ఆయమ్మల పిడికిలి ఎత్తులు. వాటితో పైపు నమూనా రెండు చేసి, రెండు వారాలు వాళ్ల చేతికే వదిలెయ్. పక్కన నిలబడి ఎలా వాడాలో చెప్పకు. వాళ్లు దేన్ని తాడుతో కట్టారో, దేన్ని విరగ్గొట్టారో, దేన్ని పక్కన పడేశారో ఫొటోలు తీసి పంపు. అప్పటిదాకా మౌల్డుకి అడ్వాన్సు ఇవ్వకు.

పెదనాన్న