తాగుడు మీద ఎకనామిక్స్ చదువుతానంటున్నాడు!

ప్రశ్న: మాది గుంతకల్లు. మావాడు బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం. మా బావమరిది తాగుడు చూసి, మనిషి ఎందుకు మానలేడో ఎకనామిక్స్‌తోనే చదువుతానంటున్నాడు. గ్రూప్-2 రాయమంటే వినడు. అసలు అలాంటి చదువుందా? – ఒక తండ్రి

జవాబు: ఉందండీ. దాన్ని బిహేవియరల్ ఎకనామిక్స్ అంటారు. వ్యసనపరుడు కూడా ముందువెనకలు లెక్క వేసుకునే తాగుతాడని 1988లో గ్యారీ బెకర్, కెవిన్ మర్ఫీ అనే ఆర్థికవేత్తలు ఒక సిద్ధాంతం రాశారు. నాకైతే అది సగమే నిజమనిపిస్తుంది. ఈ రంగంలోని సైకాలజీవారు మనిషినే కూర్చోబెట్టి అడుగుతారు: ‘ఈ రోజు 500 రూపాయలు కావాలా, నెల తర్వాత 1,000 కావాలా?’ వ్యసనంలో ఉన్నవారు ఎక్కువగా ఈ రోజు 500 వైపే మొగ్గుతారు. రేపటి డబ్బు వారి కంటికి అంత చిన్నదైపోతుంది. వేరుశనగ అమ్మిన డబ్బు ఇల్లు చేరకముందే కరిగిపోవడం మీరు చూసే ఉంటారు.

ఇక ధర సంగతి. 2020 మేలో మన రాష్ట్రంలో మద్యం ధరలు 75 శాతం పెంచారు. కర్ణాటక ప్యాకెట్లు సరిహద్దు దాటి ఎలా వచ్చాయో గుంతకల్లువారికి నేను చెప్పాలా? ధర పెరిగితే మానిందెవరు, తగ్గించిందెవరు, దారి మళ్లిందెవరు? మీవాడికి ఇంటి ముందరే ప్రాజెక్టు ఉంది.

అమెరికాలోని వెర్మాంట్‌లో స్టీఫెన్ హిగ్గిన్స్ బృందం కొకైన్ మానాలనుకునేవారికి మూత్ర పరీక్షలు చేసేది. మత్తు ఆనవాలు లేకపోతే వస్తువులు కొనుక్కునే కూపన్ ఇచ్చేది. వరుసగా నెగ్గితే విలువ పెరుగుతుంది, ఒక్కసారి జారితే మళ్లీ మొదటికి వస్తుంది. ఉపదేశం పని చేయని చోట ఆ కూపన్ చాలామందికి పని చేసింది.

ఈ పేరుతో డిగ్రీ కోసం వెతకవద్దు. సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్‌కు ప్రయత్నించమనండి. స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోవాలి. దానికి బద్ధకిస్తే ఈ దారే వద్దు. సైకాలజీ పక్కన చదువుకోవచ్చు. తర్వాత పీహెచ్‌డీ తప్పదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఉద్యోగాలు మాత్రం తక్కువ: పరిశోధన సంస్థలు, ప్రజారోగ్య ప్రాజెక్టులు, అధ్యాపకత్వం. గ్రూప్-2లోనూ ఎకానమీ ఉంది కాబట్టి ఎంఏ చదివిన రెండేళ్లు వృథా కావు. ఆ మాట మీరే వాడితో అనండి, గొడవ సగం తగ్గుతుంది.

మీ బావమరిది మాత్రం అబ్బాయి పీహెచ్‌డీ దాకా ఆగనక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.