స్వచ్ఛందంగా తప్పుకోమంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. 17 ఏళ్లుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్నాను. సిబ్బందిని తగ్గించబోతున్నామని, తమంతట తాము తప్పుకునేవారికి సర్వీసులో ఏడాదికి మూడు వారాల జీతం చొప్పున ఇస్తామని యాజమాన్యం ప్రకటించింది. నెలాఖరులోగా పేరు ఇవ్వాలి. ఆ డబ్బుతో ఇంటి అప్పు తీర్చేస్తే నిశ్చింతగా ఉండవచ్చని నా భార్య అంటోంది. నేను మాత్రం ఉద్యోగం లేని నన్ను ఊహించుకోలేకపోతున్నాను. రోజూ ఇదే వాదన. ఏం చేయాలి?

జవాబు: మీ భార్య అప్పు గురించి మాట్లాడుతున్నారు, మీరు ఉద్యోగంతో ముడిపడిన మీ గుర్తింపు గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరిదీ భయమే, కానీ ఒకరి భయానికి మరొకరు లెక్కలతో జవాబు చెబుతున్నందువల్ల వాదన తెగడం లేదు. జీవితంలో వచ్చే మార్పుల ఒత్తిడిని అంచనా వేయడానికి 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే మానసిక వైద్యులు 43 సంఘటనలతో ఒక కొలమానం రూపొందించారు. అందులో ఉద్యోగం నుంచి తొలగింపునకు 47 పాయింట్లు, పదవీ విరమణకు 45, భార్య లేదా భర్త ఉద్యోగం మొదలుపెట్టడానికి గానీ మానడానికి గానీ 26 పాయింట్లు ఇచ్చారు. ఈ అంకెలను అక్షరాలా తీసుకోనక్కరలేదు. అయితే ముందే తెలిసి వెళ్లినా మనసు మీద పడే బరువు పెద్దగా తగ్గదనీ, మీరు ఉద్యోగం మానితే అందులో కొంత బరువు మీ భార్య కూడా మోయవలసి వస్తుందనీ అవి చెబుతున్నాయి. కాబట్టి మీ దిగులును బలహీనతగా భావించకండి, ఆమె తొందరను డబ్బు మీద ఆశగానూ భావించకండి.

ఇక డబ్బు విషయం. మీకు రాబోయేది 51 వారాల జీతం, అంటే దాదాపు ఒక ఏడాది ఆదాయం. పన్ను పోగా చేతికి వచ్చేది ఎంతో ముందు తెలుసుకోండి. ఆ మొత్తాన్ని వెంటనే ఇంటి అప్పుకు కట్టేయాలన్న మీ భార్య ఆలోచనతో మాత్రం నేను ఏకీభవించలేను. ఉద్యోగం లేని సమయంలో చేతిలో ఉన్న నగదే ఇంటిని నిలబెడుతుంది. ఒకసారి అప్పుకు కట్టిన డబ్బును తిరిగి రాబట్టుకోవడం కష్టం, ఆదాయం లేని మనిషికి కొత్త అప్పు పుట్టడం అంతకంటే కష్టం. తదుపరి ఉద్యోగం కుదిరేదాకా నెలవారీ వాయిదాలు కడుతూ, ఆ సొమ్మును విడిగా ఉంచడం క్షేమం. ఇంటి ఖర్చు, వాయిదా, బీమా కలిపి నెలకు ఎంతవుతుందో ఇద్దరూ కలిసి రాసుకుంటే, ఈ డబ్బు ఎన్ని నెలలు నడుస్తుందో ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది.

కొత్త ఉద్యోగంలో ఇప్పటి జీతమే వస్తుందని అనుకుని లెక్క వేయకండి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆరేళ్లకు పైగా ఒకేచోట పనిచేసి, సంస్థ కష్టాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవారిపై జరిగిన, 1993లో ప్రచురితమైన అధ్యయనంలో, ఏళ్లు గడిచాక కూడా వారి సంపాదన దాదాపు 25 శాతం తక్కువగానే ఉందని తేలింది. మీ రంగం, మీ కాలం వేరు కావచ్చు, అయినా అంచనా తగ్గించి వేసుకోవడంలో నష్టం లేదు.

అసలు తేల్చుకోవలసింది, మీరు పేరు ఇవ్వకపోతే ఏమవుతుందన్నది. మీరు చేసే పనిని వేరొక చోటికి మారుస్తున్నారా, మీ విభాగంలో ఖాళీలు భర్తీ కాకుండా ఉండిపోతున్నాయా, మీ పై అధికారి వచ్చే ఏడాది ప్రణాళికల్లో మిమ్మల్ని కలుపుకుంటున్నారా అన్నవి గమనించండి. తర్వాత హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి: తర్వాత విడతలో తొలగిస్తే ఇచ్చే మొత్తం ఇంతేనా, తక్కువా? కీలకమైన వారి దరఖాస్తును తిరస్కరించే హక్కు కంపెనీకి ఉందా? ఇచ్చిన పేరును వెనక్కి తీసుకోవచ్చా? ఆరోగ్య బీమా ఏ తేదీతో ఆగుతుంది? మిగిలిన సెలవులకూ, ఇంకా చేతికి రాని షేర్లకూ ఏమిస్తారు? పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు ఉందా? సంతకం చేశాక కంపెనీపై ఏ దావానూ వేయలేని నిబంధన సాధారణంగా ఇటువంటి పత్రాల్లో ఉంటుంది కనుక, దాన్ని కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదికి చూపించండి. కొన్ని దేశాల్లో స్వయంగా రాజీనామా చేసినవారికి నిరుద్యోగ భృతి రాదు. అందువల్ల మీ వీడ్కోలు పత్రంలో అది రాజీనామా అని రాస్తారా, సిబ్బంది తగ్గింపులో భాగమని రాస్తారా అన్నది కూడా చిన్న విషయం కాదు.

నా అభిప్రాయం ఇది. మీ పని తగ్గింపు జాబితాలో ఉందని తెలిసి, తర్వాత విడతలో మొత్తం తగ్గుతుందంటే, మీ దిగులు ఎంత సహజమైనదైనా పేరు ఇవ్వడమే మేలు. మీ పని కంపెనీకి కీలకమైనదై, ఈ సొమ్ము కాకుండా వేరే నిల్వ పెద్దగా లేకపోతే, వాయిదాల మీద విసుగుతో ఉద్యోగం వదులుకోకండి. ఈ రెండింటి మధ్యా ఉంటే, నెలాఖరుకు ముందే ఒక పని చేయండి. మీకు తెలిసిన రంగంలో నాలుగైదు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టి, పిలుపు వస్తుందో లేదో చూడండి. ఆ ఫలితాన్ని ముందు మీ భార్యకు చెప్పి, గడువు కంటే రెండు రోజుల ముందే నిర్ణయం తీసుకోండి. అలా చేస్తే పత్రాన్ని న్యాయవాదికి చూపించే వ్యవధి మీకు మిగులుతుంది.