నిర్బంధమైతే ఒప్పందమెలా?

సందేహం: అమెరికా ప్రభుత్వ నిర్మాణాల్లో ‘ప్రాజెక్ట్ లేబర్ అగ్రిమెంట్’ (కాంట్రాక్టరు కార్మిక సంఘాలతో కుదుర్చుకునే ఒప్పందం) నిబంధన గురించి రాస్తూ ‘నిర్బంధ కార్మిక ఒప్పందాలు’ అన్నాను. ‘ఒప్పుకుంటేనే ఒప్పందం, నిర్బంధమైతే ఒప్పందమెలా?’ అని మా బావగారు పట్టుకున్నారు. ఎవరిది ఒప్పు?

సమాధానం: మీ బావగారు పట్టుకున్నది తప్పు కాదు. ఆయన కంటపడని తప్పు మరొకటి ఉంది. ‘నిర్బంధ కార్మిక ఒప్పందం’ అనగానే నిర్బంధం ఒప్పందం దాకా పోదు, పక్కనున్న కార్మికుడి మెడకే చుట్టుకుంటుంది. వెట్టిచాకిరి గుర్తొస్తుంది. పోనీ ‘ఒప్పంద కార్మిక’ అని తిప్పి రాద్దామంటే, అది కాంట్రాక్టు కూలీలకు స్థిరపడిన మాట.

ఇక బావగారి ప్రశ్న. 2022 ఫిబ్రవరిలో బైడెన్ ఇచ్చిన 14063వ ఉత్తర్వు ప్రకారం, 3.5 కోట్ల డాలర్లు, ఆపైన విలువచేసే ఫెడరల్ నిర్మాణాలకు, కొన్ని మినహాయింపులు పోను, కాంట్రాక్టరు కార్మిక సంఘాలతో ఒప్పందం కుదుర్చుకోవాలి. జీతాలు, తగవులు తీర్చుకునే పద్ధతి అందులో రాసుకుంటారు. పని నడుస్తుండగా సమ్మె ఉండదు, లాకౌటూ ఉండదు. 2009లో ఒబామా ఉత్తర్వు దీన్ని ప్రోత్సహించి ఊరుకుంది. 2001లో బుష్ ఉత్తర్వు ఆ షరతు పెట్టనే కూడదంది. బోస్టన్ రేవు శుద్ధి పనుల కేసులో 1993లో అమెరికా సుప్రీంకోర్టు, కట్టించుకునే యజమానిగా ప్రభుత్వ సంస్థ ఇలాంటి షరతు పెట్టుకోవచ్చంది. అంటే తప్పనిసరి అయింది ఒప్పందం ఉండటం. ఒప్పుకోవలసినవాళ్లు మాత్రం కూర్చుని మాట్లాడుకోవలసిందే.

ఈ తేడాను మన క్రియలు చక్కగా చూపిస్తాయి. పెళ్లి కుదురుతుంది. పెళ్లిళ్ల పేరయ్య కుదురుస్తాడు. వియ్యంకులు కుదుర్చుకుంటారు. ఇక్కడ ప్రభుత్వం పేరయ్యా కాదు, వియ్యంకుడూ కాదు. ‘కుదుర్చుకుని రండి, అప్పుడే పని’ అనే ఆసామి.

కాబట్టి ‘తప్పనిసరి’ని విశేషణంగా ముందు తగిలించకుండా వాక్యం చివరికి తెచ్చి, ‘కార్మిక సంఘాలతో ఒప్పందం తప్పనిసరి’ అనండి. మీరు పంపిన వ్యాసం రెండో పేరాలో ‘ప్రభుత్వం సంఘాలతో ఒప్పందం చేసింది’ అని ఉంది. అక్కడ కర్త కాంట్రాక్టరు, క్రియ ‘చేసుకున్నాడు’. ఆ రెండూ దిద్దండి.