లాక్ పెట్టినా రడ్డర్ కొట్టుకుంటోంది

ప్రశ్న: పైలట్ శిక్షణలో ఉన్నాను. మా సెస్నా 172 అనే చిన్న విమానం రాత్రిళ్లు ఆరుబయటే ఉంటుంది. యోక్‌కు (విమానాన్ని నడిపే చేతి చక్రానికి) కంట్రోల్ లాక్ పెట్టినా వేసవి ఈదురుగాలికి రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండి పక్కలకు కదిలే పలక) టకటకా కొట్టుకుంటోంది. ఏం చెయ్యాలి? లాక్ పోతే దాని బదులు బోల్టు దూర్చవచ్చా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ లాక్ రడ్డర్‌ను పట్టదమ్మా. యోక్ గొట్టంలోకి దిగే పిన్ను ఎయిలరాన్లనూ (రెక్కల వెనక అంచున చివర కదిలే పలకలు) ఎలివేటర్‌నూ (తోక దగ్గర పైకీ కిందికీ కదిలే పలక) మాత్రమే ఆపుతుంది. నోస్‌వీల్‌కు (ముందు చక్రానికి) ఉన్న స్ప్రింగు లింకు రడ్డర్‌ను కొంత పట్టుకుంటుంది గానీ పూర్తిగా ఆపలేదు. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. తోక వైపు నుంచి కొట్టే గాలి మరీ ప్రమాదం. పిన్ను ఉన్నది కాక్‌పిట్‌లో, దెబ్బ తగిలేది రెక్క అంచునా తోక దగ్గరా. కాబట్టి పిన్ను పెట్టిన వాటిక్కూడా మధ్యలోని కేబుళ్లు, వాటి లాగుడును మలిపే బెల్‌క్రాంకులే ఆ దెబ్బంతా మోస్తాయి.

అందుకే సెస్నా హ్యాండ్‌బుక్ బయటి లాకులు కూడా పెట్టమంటుంది: ఒక్కో రెక్కకు ఎయిలరాన్, ఫ్లాప్ (దాని పక్కనే రెక్క మొదట్లో కిందికి దిగే పలక) మధ్య ఒకటి, ఫిన్‌నూ (తోక మీది కదలని నిలువు భాగం) రడ్డర్‌నూ కలిపి పట్టేది ఒకటి. రెక్కకు పెట్టేది రెండు ప్లైవుడ్ పలకలు, లోపలివైపు మందపాటి ఫెల్ట్, ఎయిలరాన్‌కూ ఫ్లాప్‌కూ మధ్య సందులోంచి ఒక బోల్టు, చేత్తో తిప్పే వింగ్ నట్. అంతే. ఫ్లాపులు పూర్తిగా ఎత్తి, ఎయిలరాన్‌ను వాటి వరుసకు తెచ్చి చేత్తో బిగించండి. స్పానర్ వేస్తే పల్చటి అల్యూమినియం రేకు సొట్టపోతుంది. ఫెల్ట్‌ను ముందు దులపాలి, అందులో చిక్కిన ఇసుక పెయింటును గీకేస్తుంది.

విమానాన్ని నేలకు కట్టే తాళ్లు ఒక్కోటీ కనీసం 700 పౌన్లు, అంటే దాదాపు 318 కిలోలు ఆపాలి. నైలాన్ వాడండి. నారతాడు తడిస్తే బిగుసుకుని రెక్కను కిందికి లాగుతుంది.

యోక్ లాక్ బదులు బోల్టు మాత్రం వద్దే వద్దు. అసలు లాక్‌కున్న ఎర్ర రేకు ఇగ్నిషన్ స్విచ్‌ను కప్పేస్తుంది, అది తీయకుండా తాళంచెవి దూరదు. బోల్టు అలా అడ్డుపడదు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని డేటన్‌లో బోయింగ్ మోడల్ 299 అనే విమానం లాక్ తీయకుండానే ఎగిరి కూలింది. అనుభవమున్న పైలట్లే నడిపారు. బయటి లాకులకూ మూరెడేసి ఎర్ర రిబ్బన్లు కట్టి, యోక్‌కు ‘బయట 3’ అని చీటీ వేలాడదీయండి. ప్రీ-ఫ్లైట్‌లో (ఎగిరే ముందు చేసే తనిఖీలో) మూడూ చేతికొచ్చాకే ఆ చీటీ తీయాలి.

మీ రడ్డర్ ఇప్పటికే కొట్టుకుంది కాబట్టి, మళ్లీ ఎగరకముందే ఇంజనీరుకు చూపించండి. హింజ్ (కీలు) రంధ్రాలు సాగాయేమో, రడ్డర్ కదలికకు హద్దు పెట్టే స్టాప్ బోల్టుల దగ్గర రేకు వంగిందేమో, రివెట్ల చుట్టూ నల్లటి పొడి కనిపిస్తోందేమో, కేబుల్ బిగువు సరిగా ఉందో లేదో చూడమనండి.