చిన్న స్క్రిప్టులతో తెలుగు పాఠాన్ని లెక్కించబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కథలూ వ్యాసాలూ ఉన్న ఫైళ్లలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో తెలుసుకోవడానికి పెద్ద ప్రోగ్రాం రాయాలా అని అడిగావు. అక్కర్లేదు. ఒక్కొక్కటి ఒక్క పని మాత్రమే చేసే చిన్న పైథాన్ స్క్రిప్టులు (పైథాన్ భాషలో రాసే కొద్ది వరుసల ప్రోగ్రాములు) నాలుగైదు చాలు. అయితే వాటిని రాయడానికి పట్టే సమయం కంటే, అవి ఇచ్చిన ఫలితాన్ని అసలు పాఠంతో సరిచూసుకోవడానికి ఎక్కువ సమయం కేటాయించుకో.

మొదట అసలు ఫైళ్లను వేరే ఫోల్డరులో పెట్టి, వాటిని ఎవరూ మార్చడానికి వీలులేకుండా అనుమతులు తీసెయ్యి. ప్రతి స్క్రిప్టూ ఒక ఫైలును చదివి, ఫలితాన్ని మరో కొత్త ఫైలులో రాయాలి. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి, యూటీఎఫ్-8 అని స్క్రిప్టులోనే స్పష్టంగా రాయి. కంప్యూటరు ఊహకు వదిలేస్తే ఒకచోట నడిచినది మరోచోట నడవదు. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠమైతే అది యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించిన ప్రమాణం) కాదు కనుక, ముందు మార్పిడి చేసి, ప్రూఫ్ దిద్దిన తరువాతే లెక్కలోకి తీసుకో.

ఇక అసలు చిక్కు అక్షరాల దగ్గర వస్తుంది. మనం ఒక్క అక్షరంగా చదివే ‘స్త్రీ’ కంప్యూటరుకు ఆరు కోడ్ పాయింట్లు, అంటే ఆరు యూనికోడ్ సంఖ్యలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు కోడ్ పాయింటు మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి అది 18 బైట్లు. కనుక పొడవు ఎంత అని స్క్రిప్టును అడిగినప్పుడు అది దేనిని లెక్కపెడుతోందో నీకు తెలిసి ఉండాలి. ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. పదాలను విడదీయడానికి, వెతకాల్సిన అక్షరాల నమూనాను చెప్పే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో అందరూ వాడే ‘డబ్ల్యూ’ గుర్తు (\w), పైథాన్‌తో వచ్చే మాడ్యూల్‌లో గుణింతపు గుర్తులనూ పొల్లునూ అక్షరాలుగా గుర్తించదు. ‘తెలుగు’ అన్న మాటను దానికి ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేతికి వస్తాయి. స్క్రిప్టు ఎక్కడా ఆగదు, తప్పు ఉందని చెప్పదు, మాటల లెక్క పట్టిక చక్కగా తయారవుతుంది. పట్టిక పైభాగం చదివితేనే సంగతి బయటపడుతుంది. అందుకని యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల పరిధిని మొత్తంగా ఇచ్చి పదాలను పట్టుకో.

‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో కంటికి కనబడని జోడనిరోధక గుర్తు (ZWNJ) ఒకటి ఉంటుంది; పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా అది ఆపుతుంది. కొందరు దాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు. ఫలితంగా ఒకే మాట పట్టికలో రెండుచోట్ల కనిపిస్తుంది. ఐత్వాన్ని కూడా ఒక్క కోడ్ పాయింటుగానూ రెండుగానూ రాయవచ్చు. కాబట్టి లెక్కకు ముందు పాఠాన్ని, ఇలాంటి రెండు రకాల రాతలను ఒక్కటి చేసే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి తెచ్చి, ఆ కనబడని గుర్తును లెక్క కోసం తీసుకున్న ప్రతిలో మాత్రమే తొలగించు.

ఇల్లు, ఇంటికి, ఇంట్లోంచి అన్నవి పట్టికలో మూడు వేరువేరు మాటలుగా నిలబడతాయి. అది చూడగానే చివరి ప్రత్యయాలను కోసేసే స్క్రిప్టు రాయాలనిపిస్తుంది. తొందరపడకు. చివరి ‘లు’ తీసేయమంటే ‘పుస్తకాలు’తో పాటు ‘పాలు’ కూడా ‘పా’ అయిపోతుంది. నా అభిప్రాయంలో, ఎక్కువసార్లు వచ్చిన కొన్ని వందల మాటలను చేత్తో జతపరచుకుని ఒక ఫైలులో ఉంచుకోవడం, అరకొర నియమాలతో మొత్తం పాఠాన్ని పాడుచేయడం కంటే ఎంతో మేలు.

పైథాన్ లేకుండా, కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లోనే చేయదలిస్తే, యూనిక్ (uniq) కమాండు పక్కపక్కన ఉన్న ఒకే రకం వరుసలనే కలుపుతుంది కనుక దానికి ముందు వరుసలను క్రమంలో పెట్టే సార్ట్ (sort) తప్పనిసరి. భాషను బట్టి అక్షర క్రమాన్ని నిర్ణయించే అమరిక అయిన లోకేల్‌ను ‘సీ’ అని పెట్టుకుంటే క్రమం ఏ యంత్రంలోనైనా ఒకేలా వస్తుంది. కాని అది నిఘంటువు క్రమం కాదు, మన వర్ణమాల చివర ఉండే ఱ అందులో ర వెంటనే వస్తుంది.

ఇప్పుడు ఒక్క ఫైలుతో మొదలుపెట్టు. ఎక్కువసార్లు వచ్చిన యాభై మాటలతో పాటు, ఒక్కసారే వచ్చిన మాటల్లోంచి యాదృచ్ఛికంగా ఏరిన మరో యాభై మాటలను, అవి ఉన్న వాక్యాలతో సహా నాకు పంపు. అచ్చుతప్పులూ విరిగిన ముక్కలూ ఎక్కువగా దాక్కునేది ఆ రెండో పట్టికలోనే కనుక ముందు దాన్నే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న