ప్లగ్గులో కరెంటు రాకపోతే ముందు ఎక్కడ చూడాలి?

అమెరికాకు కొత్తగా వచ్చి కాపురం పెట్టిన మనవాళ్లు తరచూ అడిగే సందేహం ఒకటుంది. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి, పక్క గదిలో టీవీ నడుస్తోంది, ఒక్క ప్లగ్గులో మాత్రం కరెంటు రావడం లేదు, ఏం చేయాలి? మన ఊళ్లలో ప్రతి ప్లగ్ పాయింటుకూ పక్కనే ఒక స్విచ్చి ఉంటుంది కనుక కరెంటు రాకపోతే మన చెయ్యి మొదట అక్కడికే పోతుంది. ఇక్కడి ప్లగ్గులకు ఆ స్విచ్చి ఉండదు. పైగా ఒక ప్లగ్గు పనిచేయకపోవడానికి కారణం చాలాసార్లు ఆ ప్లగ్గులో కాక, ఇంట్లో మరెక్కడో ఉంటుంది.

ముందుగా, పనిచేస్తుందని రూఢిగా తెలిసిన టేబుల్ లాంపునో ఫోన్ ఛార్జరునో ఆ ప్లగ్గు పై సగంలోనూ కింది సగంలోనూ పెట్టి చూడండి. హాల్లోనో పడకగదిలోనో ఒక సగం పనిచేసి మరొకటి పనిచేయకపోతే, తలుపు పక్కనున్న గోడ స్విచ్చి వేసి మళ్లీ చూడండి. సీలింగు లైటు లేని గదుల్లో స్టాండు లాంపు కోసం ప్లగ్గులో సగాన్ని ఆ స్విచ్చికి కలిపి ఉంచడం ఇక్కడ మామూలే.

బాత్రూం, వంటగది, గరాజ్, ఇంటి వెలుపలి ప్లగ్గులైతే జీఎఫ్‌సీఐ సంగతి తెలియాలి. మధ్యలో టెస్ట్, రీసెట్ అనే రెండు చిన్న మీటలుండే ప్లగ్గు అది. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ మధ్య సుమారు 5 మిల్లీఆంపుల తేడా కనిపించినా, ఆ తేడా మనిషి ఒంటి గుండా పోతున్నదే కావచ్చు కనుక, అది కనురెప్పపాటులో సరఫరాను ఆపేస్తుంది. మన దేశంలో ఇంటి మొత్తానికి ఇలాంటి రక్షణ కోసమే పెట్టే ఆర్‌సీసీబీ అనే స్విచ్చి సాధారణంగా 30 మిల్లీఆంపుల దగ్గర పనిచేస్తుంది కాబట్టి, ఇక్కడిది ఎంత సున్నితమైనదో ఊహించవచ్చు. ఒక జీఎఫ్‌సీఐ తన తర్వాత కలిపిన మామూలు ప్లగ్గులన్నిటినీ కాపాడుతుంది, తాను ఆగినప్పుడు వాటన్నిటినీ ఆపేస్తుంది. ఇక్కడి విద్యుత్ నియమావళి దీన్ని ఆరుబయటి ప్లగ్గులకు 1973లో, బాత్రూంలకు 1975లో, గరాజ్‌లకు 1978లో తప్పనిసరి చేసింది. అప్పట్లో దాని ఖరీదు ఎక్కువ కనుక, ఆ కాలపు ఇళ్లలో ఒక్కటే పెట్టి మిగిలిన చోట్లన్నీ దానికే కలిపేసేవారు.

మా ఇల్లు 1982లో కట్టినది. కొన్న ఏడాదే దీపావళికి వాకిట్లో కట్టిన లైట్ల తోరణం రాత్రి వానకు తడిసింది. తెల్లవారేసరికి మేడమీది రెండు బాత్రూంలలోనూ ప్లగ్గులు పనిచేయలేదు. కరెంటు మోతాదు మించితే సరఫరాను ఆపే స్విచ్చులు, అంటే బ్రేకర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. వచ్చిన ఎలక్ట్రీషియన్ మేడ ఎక్కనే లేదు. నేరుగా గరాజ్‌లోకి వెళ్లి, గోడకు చేర్చి పేర్చిన 20 పౌన్ల సోనా మసూరి సంచులు నాలుగు పక్కకు జరిపి, వాటి వెనకనున్న జీఎఫ్‌సీఐ రీసెట్ మీట నొక్కాడు. టిక్కుమన్న చప్పుడుతో మేడమీద కరెంటు వచ్చింది. అందుకే ఇల్లు మారిన మొదటి వారంలోనే మీ ఇంట్లో జీఎఫ్‌సీఐలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి పెట్టుకోమని కోరుతున్నాను. రీసెట్ నొక్కిన వెంటనే మళ్లీ పడిపోతుంటే, దానికి కలిసిన వస్తువులన్నీ తీసేసి మరొక్కసారి ప్రయత్నించండి. అప్పటికీ నిలవకపోతే ఎక్కడో తడో, వైరులో లోపమో ఉన్నట్టే కనుక ఇక నొక్కవద్దు.

తర్వాత చూడవలసినది బ్రేకర్లన్నీ ఉండే పెట్టె, అంటే బ్రేకర్ ప్యానెల్. ట్రిప్పయిన బ్రేకరు పూర్తిగా ఆఫ్ వైపుకు పోకుండా మధ్యలో నిలుస్తుంది కనుక పైపైన చూస్తే తెలియదు. దాన్ని ముందు గట్టిగా ఆఫ్ వైపుకు నెట్టి, ఆ తర్వాతే ఆన్ చేయాలి. ఇక్కడ ఇళ్లలో ప్లగ్గులకు వచ్చేది 120 వోల్టులు, పడకగది సర్క్యూట్ చాలావరకు 15 ఆంపులది, అంటే మొత్తం మోయగలిగింది 1800 వాట్లు. చలికాలంలో 1500 వాట్ల రూం హీటరు నడుస్తుండగా అదే సర్క్యూట్‌పై ఇస్త్రీపెట్టె పెడితే బ్రేకరు పడిపోవడం సహజం, అది వెంటనే కాక కొన్ని నిమిషాల తర్వాత జరగవచ్చు. హీటరును ఎప్పుడూ నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించవద్దు.

మన దగ్గర నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీ సరిగా తిరగకపోతే అది ప్లగ్గు తప్పు కాదు. దానికి వోల్టేజీని పెంచే, తగిన వాటేజీ గల స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

ప్లగ్గు పలక వేడెక్కినా, గోధుమరంగు మచ్చ కనిపించినా, కాలిన వాసనో జుయ్యిమన్న శబ్దమో వచ్చినా ఆ బ్రేకరు ఆపేసి, ఇక మీరుగా ఏమీ చేయవద్దు. పొగ గాని మంట గాని కనిపిస్తే బయటికి వచ్చి 911కు ఫోన్ చేయండి. 1965 నుంచి 1973 మధ్య కట్టిన ఇళ్లు కొన్నిటిలో అల్యూమినియం వైరింగ్ ఉంటుంది. దాని అతుకులు వదులై వేడెక్కే ప్రమాదం ఉన్నందువల్ల, అలాంటి ఇంట్లో చిన్న లోపానికైనా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే పిలవాలి. ఊళ్లో సొంతంగా ఫ్యూజు వైరు వేసుకున్న అనుభవం ఇక్కడ ప్లగ్గు విప్పడానికి చాలదని నా గట్టి అభిప్రాయం.

అద్దెకు ఉంటున్నవారు మీటలు, బ్రేకర్లు చూసుకోవడం వరకే చేసి, మిగతాది అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వారికి వదిలేయాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, ఏ గదిలో ఏ ప్లగ్గు, ఎప్పటి నుంచి, ఏ మీటలు నొక్కి చూశారు అన్నది ఫొటోతో సహా రాతపూర్వకంగా పంపండి. వేడి, వాసన ఉన్నట్టయితే ఆ మాటే మొదటి వాక్యంలో రాయండి.