ఆడియోగ్రామ్ నార్మల్ అయినా బాబుకు హక్కుంది

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. బాబు ఏడో తరగతి. వినికిడి పరీక్ష (ఆడియోగ్రామ్) నార్మల్ వచ్చింది గానీ, గోలలో మాట అర్థం కాదు. 'పదిహేడో పేజీ' అంటే పదిహేనో పేజీ తీసి తిట్లు తింటాడు. ఆడిటరీ ప్రాసెసింగ్ సమస్య, అంటే చెవికి వినబడినా మెదడు మాటను సరిగ్గా పట్టుకోలేకపోవడం అని కాకినాడలో డాక్టరు నోటిమాటగా చెప్పారు. స్కూలువాళ్లు టీసీ తీసుకెళ్లమంటున్నారు. చెవుడు సర్టిఫికెట్ ఇప్పిస్తానని మా బావగారు అంటున్నారు. డిక్టేషన్ పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసేశాను. స్కూలుపై కేసు వేయవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కేసును తేల్చే ముక్క ఒక్కటే: పరీక్ష నార్మల్. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం వినికిడి లోపం అనాలంటే రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి. మీవాడు అందులోకి రాడు. కానీ ఆ చట్టం షెడ్యూల్‌లో, అంటే వైకల్యాల జాబితాలో, 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' విడిగా ఉంది. విన్న భాషనైనా, రాసిన భాషనైనా గ్రహించడంలో లోపం అని దాని అర్థం. గ్రహణ లోపాలనూ పేరు పెట్టి చేర్చారు. మీరు అడగాల్సింది దాని కింద.

బావగారి మాట అస్సలు వినకండి. ఒక్క ఆడియోగ్రామ్‌తో ఆ సర్టిఫికెట్ దొంగదని తేలిపోతుంది. మోసంతో దివ్యాంగుల ప్రయోజనం పొందితే సెక్షన్ 91 కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఆ తర్వాత బాబు అసలు సమస్యను కూడా ఎవరూ నమ్మరు.

ఆ డిక్టేషన్ పుస్తకాలు ఎందుకు అమ్మేశారు? పదిహేడుకు పదిహేను అని రాసిన ప్రతి పేజీ మీకు సాక్ష్యం. నోటిమాటతో ఏ అధికారీ కదలడు. ఈ ఏడాది పుస్తకాలైనా బీరువాలో పెట్టండి. ఎవరు ఏమన్నారో తేదీ వేసి రాసుకోండి. గోలలో మాట గ్రహించే పరీక్షలు ఆడియాలజిస్టుతో చేయించి రిపోర్టు రాతపూర్వకంగా తీసుకోండి. దాంతో వైకల్య సర్టిఫికెట్ కోసం మెడికల్ బోర్డుకు దరఖాస్తు చేయండి.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. పిల్లవాడి అవసరానికి తగ్గ సదుపాయం కల్పించడం గుర్తింపు పొందిన ప్రతి స్కూలుకూ దివ్యాంగుల చట్టం సెక్షన్ 16 కింద బాధ్యత. వైకల్యం కనీసం 40 శాతం ఉండాలన్న షరతు అందులో లేదు. ముందు బెంచీ, ఫ్యాన్ మోతకు దూరంగా చోటు, హోంవర్క్ బోర్డు మీద రాయడం, పరీక్షలో అదనపు సమయం అడుగుతూ హెడ్మాస్టరుకు ఉత్తరం ఇవ్వండి. రెండో కాపీ మీద స్కూలు సీలు వేయించుకోండి. వేయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈవో), ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. కేసు మాట తర్వాత.

ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ని బడి నుంచి తీసేయడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. అందుకే 'మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం' అని మీ చేతే రాయించుకోవాలని చూస్తారు. సంతకం పెట్టకండి. పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా (నామినల్ రోల్స్) వెళ్లాక సర్టిఫికెట్ పట్టుకొస్తే అదనపు సమయం కోసం నానా తిప్పలూ పడాలి, కాబట్టి మెడికల్ బోర్డు పని ఈ ఏడాదే మొదలుపెట్టండి. మీ ఆయన వచ్చేదాకా ఆగొద్దు. ఉత్తరం మీద తల్లి సంతకం చాలు.